ఖాళీ పేజీ కింద ఇరవై సంతకాలు

ఇప్పటికి ఏడు ఉత్తరాలు రాశాను. మొదటి మూడూ మా పార్టీ పట్టణ అధ్యక్షుడికి, తర్వాతి మూడూ జిల్లా కమిటీకి, ఏడోది ఇద్దరికీ కలిపి. ఒక్కదానికీ జవాబు రాలేదు. జవాబు సంగతి అలా ఉంచండి, అందిందని చెప్పినవాళ్ళు కూడా లేరు. బాన్సువాడ తహసీల్ ఆఫీసు ఎదురుగా, ఒక జిరాక్స్ దుకాణం అరుగు మీద కూర్చుని ఊరందరికీ దరఖాస్తులు రాసిపెట్టే మనిషిని నేను. నా చేతిరాతతో వెళ్ళిన కాగితాలు ఎంతోమందికి పింఛన్లు తెచ్చాయి. పాసుపుస్తకాల్లో తప్పుపడ్డ పేర్లను సరిచేయించాయి. నా సొంత కాగితాన్ని మాత్రం చదివేవాడు లేడు.

అందుకని ఈసారి ఉత్తరం రాయడం లేదు. జరిగింది జరిగినట్టు మొదటినుంచీ, ఊరందరూ చదివేలా రాస్తున్నాను.

పార్టీలో గొడవలు పెడుతున్న ఒక మున్సిపల్ కౌన్సిలర్‌ను బహిష్కరించడానికి మేం సమావేశమయ్యాం. ఆయన ఉన్నాడు, నేను పోయాను. నన్ను పార్టీ నుంచి తీసేసిన తీర్మానం కింద ఇరవై సంతకాలున్నాయి. వాటిలో మొదటిది నాది. దొంగ సంతకం కాదు. నేనే, నా చేత్తోనే పెట్టాను. కాని నేను పెట్టినప్పుడు దానిమీద ఒక్క అక్షరం కూడా లేదు.

ఇరవై రెండేళ్ళు మా పట్టణ కమిటీకి నేను కార్యదర్శిని. కార్యదర్శి అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది. పనేమిటంటే తీర్మానాల పుస్తకం రాయడం. ఇప్పటి అధ్యక్షుడికి ముందున్న పెద్దాయన, ఇప్పుడు లేడు, నా అరుగు దగ్గరికి వచ్చి ఒక రైతు కోసం నేను రాస్తున్న దరఖాస్తును నిలబడి చదివాడు. "నీ రాత ముత్యాలోలె ఉన్నది. పార్టీకి గిట్ల రాసేటోడు లేడు" అన్నాడు. మర్నాడే ఎర్ర అట్ట ఉన్న పెద్ద పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నన్ను అంత గౌరవంగా అడిగిన మనిషి పార్టీలో ఆయన ఒక్కడే. ఆయన తర్వాత వచ్చినవాళ్ళంతా నన్ను పుస్తకంతోపాటు వచ్చిన మనిషిలా చూశారు.

ఆ పుస్తకానికి ఒక పద్ధతి ఉండేది. దాన్ని పెట్టింది నేనే కాబట్టి వివరంగా చెప్పాలి.

మా సమావేశాలకు జనం రావడం వస్తారు, చివరిదాకా ఉండరు. ఒకరికి నమాజు వేళవుతుంది. ఒకరికి దుకాణం మీద ఎవరూ ఉండరు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు వదిలిన రోజుల్లో పొలం ఉన్నవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. తన వంతు నీళ్ళు పక్కవాడి మడిలోకి పోతుంటే పార్టీ ఎవరికి గుర్తుంటుంది? చాయ్ తాగగానే సగం మంది మెట్లు దిగేవాళ్ళు. తీర్మానం రాయడం పూర్తయ్యేసరికి సంతకం పెట్టేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. మొదటి రెండేళ్ళు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎండలో, వానలో. ఒకాయన నన్ను గేటు బయటే నిలబెట్టి, తాను లోపల అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టాడు. లోపలికి రమ్మనలేదు. ఆయన ఎవరో నాకు గుర్తుంది, ఆ రోజు ఆ ఇంట్లో పచ్చిపులుసు వాసన కూడా గుర్తుంది.

అప్పుడు నాకో ఉపాయం తోచింది. పేజీ పై సగం ఖాళీగా వదిలేసి, కింది సగంలో రెండు వరుసలుగా ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా నంబర్లు వేసేవాణ్ణి. రాగానే ఎవరి నంబరు ఎదురుగా వాళ్ళు సంతకం పెట్టేవాళ్ళు. కార్యదర్శిని కాబట్టి మొదటి నంబరు నాది. మాటలు అయిపోయాక ఇంటికి వెళ్ళి, అనుకున్నదంతా పై సగంలో శుభ్రంగా రాసేవాణ్ణి. అందరికీ నచ్చింది. పెద్దాయన మాత్రం ఒకసారి అన్నాడు. "నువ్వున్నన్ని దినాలు మంచిదే. రేపు ఇంకొకని చేతుల వడితే ఎట్ల?" నేను నవ్వి ఊరుకున్నాను. పుస్తకం ఇంకొకరి చేతిలోకి పోయేది ఎందుకు?

ఇరవై రెండేళ్ళలో అనని మాట ఒక్కటీ అందులో రాయలేదు. అన్న మాట ఒక్కటీ వదల్లేదు. ఏం రాశావని అడిగినవాళ్ళు కూడా లేరు. దాన్ని నేను నమ్మకం అనుకున్నాను. ఎవరికీ పట్టింపు లేదని ఆలస్యంగా తెలిసింది.

ఇక కౌన్సిలర్ సంగతి. మా వార్డుకు టికెట్ నాకు ఇస్తానని అధ్యక్షుడు తన దుకాణంలోనే చెప్పాడు. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. వరసకు నన్ను బావా అంటాడు. "ఈసారి నీకే బావా, ఫికర్ చేయకు" అన్నాడు. వారం తిరగకముందే టికెట్ ఒక పడుచువాడికి పోయింది. ఆ సంగతి నాకు అధ్యక్షుడు చెప్పలేదు. ఆటోకు కట్టిన మైకు చెప్పింది. పైగా మర్నాడు ఆ పడుచువాడే నా అరుగు దగ్గరికి వచ్చి, "కాకా, నామినేషన్ కాగితాలు నువ్వే నింపాలె. నీ రాతకు ఒక్క తప్పు పట్టరు" అన్నాడు. నింపాను. ఒక్క తప్పు లేకుండా నింపాను. గెలిచిన రోజు ఊరేగింపు బండి నా అరుగు ముందు ఆగింది. నేను లేచి నిలబడ్డాను. దండ జిరాక్స్ దుకాణం అతని మెడలో పడింది. బండి ముందుకు కదిలింది.

ఈ కోపంతోనే కౌన్సిలర్ మీద పగబట్టానని నా గురించి చెప్పుకుంటారు. కోపం ఉంది. లేదని నేనెన్నడూ అనలేదు. కాని కోపం ఉన్నంత మాత్రాన నేను రాసింది అబద్ధం కాదు.

ఆయనకు వైస్ చైర్మన్ పదవి కావాలి. ఇవ్వలేదు. అప్పటినుంచి సొంత పార్టీనే తిప్పలు పెట్టడం మొదలైంది. కౌన్సిల్ సమావేశంలో సొంత పార్టీ చైర్మన్ మాట్లాడుతుంటే నేలమీద కూర్చుని చప్పట్లు కొట్టేవాడు. అజెండా కాగితాలు చింపి పంఖా కింద ఎగరేశాడు. ఎదుటి పార్టీవాళ్ళతో కలిసి ఓటేసి రెండుసార్లు మా తీర్మానాలు ఓడించాడు. జెండా పండుగనాడు అధ్యక్షుడి చేతిలోంచి మైకు లాక్కుని, "ఈయన యూరియా అమ్ముకునే మనిషి, పార్టీని నడుపుతడా?" అని నలుగురిలో అడిగాడు. జనం నవ్వారు. అధ్యక్షుడి మొహం మాడిపోయింది.

నాకు చేసింది చిన్నదే. పార్టీ ఆఫీసులో బల్లమీద నా పుస్తకం ఉంది. కౌన్సిలర్ వచ్చి వేడి చాయ్ గ్లాసు దానిమీద పెట్టాడు. బల్ల నిండా చోటుంది. "తియ్యి" అన్నాను. "ఎవడు సదువుతడు కాకా దీన్ని? గ్లాసు పెట్టనీకన్న పనికొస్తది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గ్లాసు తీశాక ఎర్ర అట్టమీద గుండ్రటి మరక మిగిలింది. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

మైకు లాక్కున్న వారానికి అధ్యక్షుడు కబురు పంపాడు. దుకాణం వెనక గదిలో, బస్తాల మధ్య ఇద్దరమే కూర్చున్నాం.

"బావా, గీ పోరనితోని ఇగ కాదు. తీసేయాలె."

"తీసేయమని నేను సంవత్సరం నుంచి చెప్తున్న."

"ఇప్పుడు నేను చెప్తున్న గద. జిల్లాల అడిగిన. కమిటీ ఒక్కటై తీర్మానం వంపితే తీసేస్తరట. నువ్వు రాయి. వాడు తిరిగి లేవద్దు."

"రాస్త. రేపు నువ్వు ఎనకకు పోవు గద?"

"నా బిడ్డ మీద ఒట్టు."

ఆ ఒట్టు విన్నవాళ్ళు మేమిద్దరం, యూరియా బస్తాలు.

మూడు రోజులు కూర్చుని చిత్తు రాశాను. ఏడు ఆరోపణలు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఏమన్నాడు. తిట్టు ఒక్కటి లేదు. దరఖాస్తులో తిట్టు ఉంటే కాగితం బలం తగ్గుతుందని నాకు తెలుసు. తర్వాత సభ్యులను ఒక్కొక్కరినీ కలిశాను. అందరూ సరేనన్నారు, ఒక్కరు తప్ప.

ఆమె బీడీలు చుట్టే ఆడవాళ్ళ తరఫున రెండు నెలల కింద కొత్తగా కమిటీలోకి వచ్చింది. నాకంటే పెద్దది. నేను వెళ్ళేసరికి వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపకుండానే నేను చెప్పిందంతా విన్నది.

"సంతకం పెడ్త తమ్మీ. పెట్టనన్ననా? గని ముందుగాల నువ్వు సదువు. ఇన్నంక పెడ్త."

"మీటింగుల పెట్టేసెయ్యి అక్కా. తర్వాత రాస్త. మా దగ్గర పద్ధతి గదే."

"రాయనిదాని మీద ఎట్ల పెడ్తరు?"

"ఇరవై ఏండ్ల సంది అందరు పెడుతున్నరు. ఎవ్వరు అడగలే."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "నేను పిల్లప్పుడు కార్ఖాన్ల గిట్లనే తెల్లకాగితం మీద ఏలుముద్ర ఏసిన తమ్మీ. ఎవలో మంచోళ్ళే ఎయ్యమన్నరు. ఎమ్మటి నెల నా పేరు రిజిస్టర్ల లేదు. నేనే పని ఇడిసిపెట్టినట్టు రాసుకున్నరు. నా ఏలే వాళ్ళకు సాక్ష్యం. అక్షరాలు నాకు తక్కువనే వస్తయి. చెవులు మంచిగనే ఉన్నయి. సదివి ఇనిపియ్యి, పెడ్త."

నాకు ఒళ్ళు మండింది. చిత్తు సంచిలోనే ఉంది, అక్కడే చదివి వినిపించవచ్చు. వినిపించలేదు. నన్ను ఆ కార్ఖానావాళ్ళతో పోలుస్తుందా అనుకున్నాను. ఇచ్చిన చాయ్ తాగకుండా లేచి వచ్చాను. ఎవరైనా నాకు చేసింది నేను మరిచిపోను. నేను ఇంకొకరికి చేసింది కూడా రాయాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

సమావేశం ఆదివారం పొద్దున పది గంటలకు. మా ఆఫీసు ఒక బట్టల దుకాణం మీద గది. ఇరుకు మెట్లు, రోడ్డు వైపు ఒక కిటికీ. ఆ రోజు ఇరవై ఒక్కమందీ వచ్చారు. అన్నేళ్ళలో అందరూ రావడం అదే మొదటిసారి. జిల్లా నుంచి ఒక పరిశీలకుడు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అధ్యక్షుడి ఫోను మోగుతూనే ఉంది. ఆయన తీయడం లేదు, ఆపేయడమూ లేదు. నేను అలవాటు ప్రకారం పేజీ తీసి నంబర్లు వేశాను. మొదటి నంబరు ఎదురుగా సంతకం చేశాను. పుస్తకం చేతులు మారుతూ పోయింది.

"జల్దీ తే అన్నా, పన్నెండింటికి నా నీళ్ళ వంతు" అని ఒకాయన ముందుగానే లాక్కుని పెట్టాడు.

"నీళ్ళు పారవెట్టనీకి వోతవా, పోరనికి ఫోన్ చెయ్యనీకి వోతవా?" అన్నాడు పక్కాయన.

"నీ అసోంటోన్ని కాదు పో."

ఇద్దరూ నవ్వారు కాని కళ్ళల్లో నవ్వు లేదు. గదిలో ప్రతివాడూ పక్కవాడి ఫోను వంక చూస్తున్నాడు. పుస్తకం బీడీల అక్క దగ్గరికి పోయింది. ఆమె దాన్ని అలాగే పక్కవాళ్ళకు అందించి చేతులు కట్టుకుంది. పద్నాలుగో నంబరు ఖాళీగా ఉండిపోయింది.

"పెట్టక్కా, ఎందుకు లొల్లి" అన్నాడు అధ్యక్షుడు.

"సదవనీ. ఎటు వోతున్న నేను?"

నేను చిత్తు తీశాను. మొదటి వాక్యం చదవబోతుండగా కింద మోటార్ సైకిళ్ళు వచ్చి ఆగిన చప్పుడయింది. ఒకటి రెండు కాదు. కిటికీ దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు. మెట్లమీద అడుగుల చప్పుడు. తలుపు ఎవరూ మూయలేదు. మూసే ధైర్యం ఎవరికుంది?

కౌన్సిలర్ లోపలికి ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్ళు మెట్ల నిండా నిలబడ్డారు. ఆయన ఒక కుర్చీ లాక్కుని, తిరగేసి, వీపు ఆనించే చోట మోచేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"నన్ను తీసేస్తరట గద. తీయుండ్రి. ఎవలెవలు తీస్తున్నరో మొకాలు సూద్దామని అచ్చిన."

ఆయన చూపు అధ్యక్షుడి దగ్గర ఆగింది.

"ఏం మామా, మాట్లాడవు?" అధ్యక్షుణ్ణి అడిగాడు. "నేను వోతే నాతోని ఎందరు వోతరో కిటికిలకెల్లి సూడు. లెక్కవెట్టుకో."

"నువ్వు బెదిరిస్తే బెదిరేటోళ్ళు లేరు ఈడ" అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. "కాకా, గిదంత నీ పనే అని నాకెరుక. నా నామినేషన్ కూడ నువ్వే రాస్తివి, గిది కూడ నువ్వే రాస్తివి. నీ కలానికి ఇమానం లేదు."

మెట్ల మీదివాళ్ళు కేకలేశారు. నేను లేచి చదవడం మొదలుపెట్టాను. మూడో మాటకే ఎవడో కుర్చీ విసిరాడు. కిటికీ అద్దం పగిలింది. కింద బట్టల దుకాణంలోంచి ఆడవాళ్ళు అరిచారు. బీడీల అక్క కదలకుండా కూర్చునే ఉంది. "సదువు తమ్మీ, ఆపకు!" అని గట్టిగా అన్నది. నేను ఆపాను. చిత్తు మడిచి చేతిలో పట్టుకున్నాను.

పరిశీలకుడు లేచి కౌన్సిలర్ భుజం మీద చెయ్యివేసి, చెవిలో ఏదో చెప్పి మెట్లదాకా తీసుకుపోయాడు. ఐదు నిమిషాల తర్వాత ఒక్కడే తిరిగి వచ్చాడు.

"ఇక్కడ చదివితే తలకాయలు పగులుతయి. పుస్తకం నాకియ్యండి. జిల్లాల పెద్దల ముందు పెడత" అన్నాడు.

"సార్, మీద ఇంకా రాయలేదు. పది నిమిషాలు కూర్చుంటే రాసేస్త."

"నేను ఇన్న గద. రాయిపిస్త."

"అయితే ఈ చిత్తు తీస్కోండ్రి."

"అక్కరలేదు. నాకు సమజైంది."

ఆ మాటకే నేను ఆగి ఉండాల్సింది. ఏడు ఆరోపణల్లో మూడు మాటలు కూడా వినని మనిషికి ఏం సమజైంది? నేను పుస్తకాన్ని ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళలో అది నా చేయి దాటి ఎక్కడికీ పోలేదు. అధ్యక్షుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇయ్యి బావా. పెద్దమనిషి అడుగుతున్నడు. మనం నమ్మకపోతే ఎట్ల?"

ఇచ్చాను. ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోమని రోజూ పదిమందికి చెప్పే నేను రసీదు అడగలేదు.

ఇరవై రోజులు ఏ కబురూ లేదు. అధ్యక్షుడికి ఫోను చేస్తే "నడుస్తుంది బావా" అనేవాడు. తర్వాత ఫోను తీయడం మానేశాడు. ఒక పొద్దున బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కనపడింది. కొత్త వైస్ చైర్మన్‌కు శుభాకాంక్షలు. కౌన్సిలర్ ఫోటో, పక్కనే అధ్యక్షుడి ఫోటో. చేతులు జోడించి ఇద్దరూ నవ్వుతున్నారు. శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ వరుసలో మా కమిటీ వాళ్ళందరి తలకాయలూ చిన్నచిన్నగా ఉన్నాయి. ఎండలో నిలబడి వాటిని రెండుసార్లు వెతికాను. నేను లేను. అక్క లేదు.

ఆ మధ్యాహ్నమే జుక్కల్ వైపు నుంచి ఒక రైతు పాసుపుస్తకం పని మీద వచ్చాడు. నా పేరు రాసుకోవడానికి అడిగి, ఫోను వంక చూసి, మళ్ళీ నా వంక చూశాడు.

"సార్, గీ పేరు మీదేనా? మా గ్రూపుల అచ్చింది."

నా ఎర్ర అట్ట పుస్తకంలోని పేజీ ఫోటో అది. కింద నేను వేసిన నంబర్లు, నేను చూస్తుండగా పడ్డ సంతకాలు. పైన నీలం సిరాతో, ఎడమకు వాలిన వంకర రాతతో పది వరుసలు. నేను పార్టీలో చీలికలు తెస్తున్నానట. ప్రజాప్రతినిధుల మీద లేనిపోనివి రాస్తున్నానట. అందువల్ల నన్ను ప్రాథమిక సభ్యత్వం నుంచి తొలగించాలని హాజరైన ఇరవై ఒక్కమందీ ఏకగ్రీవంగా తీర్మానించారట. దానికింద మొదటి సంతకం నాది.

"మీరే సంతకం పెట్టిన్రు గద సార్?" అన్నాడు రైతు, అర్థం కాక.

ఆ ఫోటో నా ఫోనుకు పంపించమన్నాను. అతని దరఖాస్తు రాసి పంపించాను. అందులో రెండు కొట్టివేతలు పడ్డాయి. నా దరఖాస్తుల్లో కొట్టివేతలుండవు.

అక్కడినుంచి తిన్నగా ఎరువుల దుకాణానికి వెళ్ళాను. గిరాకీ ఉన్నా ఆగలేదు.

"ఏంది గిది?"

అధ్యక్షుడు నన్ను వెనక గదిలోకి తీసుకుపోయాడు. అవే బస్తాలు. "కూసో బావా. నీళ్ళు తాగుతవా?"

"నీళ్ళొద్దు. ఎవలు రాసిన్రు దీన్ని?"

"జిల్లా నిర్ణయం బావా. వాడు వోతే కౌన్సిల్ మన చేతులకెల్లి వోతదని భయపడ్డరు. వాడు రెండే అడిగిండు. పదవి ఒకటి. నా మీద రాసినోడు పార్టీల ఉండద్దని ఇంకొకటి."

"నీ బిడ్డ మీద ఒట్టు వెట్టినవు."

"ఆర్నెల్లు ఊకో. మల్ల తీస్కుంటం."

"నేను నన్ను తీసేసుకున్నట్టు రాసిన్రు! నా సంతకం మీద!"

ఆయన మెల్లగా అన్నాడు. "బావా, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టిచ్చే పద్ధతి నేను పెట్టిన్నా?"

నేను బస్తాల మధ్యనుంచి బయటికి వచ్చేశాను.

తర్వాతి వారాల్లో మొదటి ఆరు ఉత్తరాలు రాస్తూనే మిగతా సభ్యులను కలిశాను. నీళ్ళ వంతు ఆయన గట్టుమీద నుంచే, "నేను సదవలే అన్నా, నీ సంతకం అసోంటిదే నాది కూడ" అన్నాడు. నన్ను గేటు బయట నిలబెట్టిన ఆయన ఈసారి కూడా గేటు బయటే నిలబెట్టాడు. ఆయన అన్న మాట అన్నిటికన్నా లోతుగా దిగింది. "గిప్పుడు గిట్ల రాసిన్రంటున్నవు. మరి గన్నేండ్లు నువ్వేం రాసినవో మాకేమెరుక? మేము అప్పుడు కూడ సదవలే గద."

పదవి పోతే పోయింది. నాకు కుర్చీ వేయని సభలు, నా పేరు పిలవని వేదికలు ఎన్నో చూశాను. కాని ఇరవై రెండేళ్ళు నేను రాసిన ప్రతి పేజీని ఈ ఒక్క పేజీ దొంగది చేసింది. నాకు సభ్యత్వం తిరిగి ఇచ్చినా ఇది పోదు. అట్టమీది మరకలాంటిది కాదు ఇది, లోపలిది.

నాలుగు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఐదో రోజు ఫోటో మళ్ళీ తీసి, దరఖాస్తు చూసినట్టు చూశాను. కోపంతో చూస్తే కనపడనిది అప్పుడు కనపడింది. పైన ఇరవై ఒక్కమంది ఏకగ్రీవంగా అని ఉంది. కింద ఇరవై సంతకాలే ఉన్నాయి. పద్నాలుగో నంబరు ఎదురుగా తెల్లగా ఉంది.

ఆమె అదే వాకిట్లో, అదే చాటతో కూర్చుని ఉంది. నేను నిలబడే ఉన్నాను.

"కూసో. గిప్పుడన్న చాయ్ తాగుతవా, గప్పటోలెనే మొకం తిప్పుకొని వోతవా?"

"తాగుత అక్కా."

"గా దినం నువ్వు ఈన్నే సదివి ఇనిపిస్తే ఏమయ్యేది? నేను సంతకం పెడుదును. గిప్పుడు నా జాగ కూడ నిండి ఉండు. నీ కోపం నిన్ను బతికిచ్చింది పో." ఆమె గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కాని చాయ్ తాగాను.

ఆ రోజు ఏం జరిగిందో ఆమె చెప్పింది, నేను రాశాను. తాను సంతకం చేయలేదని, ఆ గదిలో నా గురించి ఏ తీర్మానమూ ఎవరూ చదవలేదని, పుస్తకం పై సగం ఖాళీగా ఉండగానే పరిశీలకుడి చేతికి పోయిందని. చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నది. మూడోసారి చదివాక ఒక చోట ఆపింది. "'భయపడి' అని రాసినవు. నేను భయపడలే. కొట్టెయ్యి." కొట్టేసి మళ్ళీ మొత్తం తిరగరాశాను. అప్పుడు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ తన పేరు రాసింది.

"నకలు నాకొకటి ఇయ్యి. అందినట్టు నీ సంతకం వెట్టి ఇయ్యి" అన్నది.

ఇచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో రసీదు తీసుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె వాంగ్మూలం జతచేసి పంపిందే నా ఏడో ఉత్తరం. అది పోయి రెండు నెలలయింది.

బావా, ఇది నీకు. నువ్వు చదువుతావని తెలుసు. ఎవరి చేతనో తెప్పించుకుని, ఆ వెనక గదిలో బస్తాల మధ్య కూర్చునైనా చదువుతావు. నన్ను పార్టీలోకి తీసుకోమని అడగటం లేదు. ఆ కౌన్సిలర్‌ను ఇప్పుడు తీసేయమని కూడా అడగటం లేదు. ఆ పద్ధతి పెట్టింది నేనే, ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. నువ్వు ఒప్పుకోవాల్సింది వేరే ఉంది. ఎర్ర అట్ట పుస్తకాన్ని జిల్లా నుంచి తెప్పించు. ఆ ఇరవై ఒక్కమందినీ అదే గదిలో కూర్చోబెట్టు. మొదటి పేజీ నుంచి నా రాత అంతా పైకి చదివించు. నేను రాసిన ఇరవై రెండేళ్ళలో ఎవరూ అనని మాట ఒక్కటి దొరికినా నన్ను అక్కడే చెప్పుతో కొట్టు. తర్వాత ఆ చివరి పేజీ చదివించు. చదివాక ఇరవై మంది ముఖాలూ చూస్తూ రెండే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పు. ఆ నీలం సిరా రాత ఎవరిది? పద్నాలుగో నంబరు ఖాళీగా ఉండగా ఇరవై ఒక్కరని ఎవరు రాయమన్నారు?

నువ్వు చెప్తావా, నీ పరిశీలకుడు చెప్తాడా నాకు అనవసరం. రోజూ పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తహసీల్ ఆఫీసు ఎదురుగానే ఉంటాను. వచ్చి జవాబు చెప్పండి.